జేజినాయన పోయినప్పుడు రాని ఏడుపు ఒక సీరియల్ చూస్తే ఎందుకొచ్చింది?

ప్రశ్న:

అమ్మా, మాది ప్రొద్దుటూరు. నాకు 24 ఏళ్లు. డిగ్రీ అయ్యాక నాయనతో పాటు మా బట్టల అంగట్లోనే కూర్చుంటున్నాను. తమ్ముడు ఇంటర్ మొదటి సంవత్సరం. మేమిద్దరం రెండు నెలలుగా రాత్రిళ్లు ‘వాకింగ్ డెడ్’ అనే అమెరికా సీరియల్ చూస్తున్నాం. చచ్చినవాళ్లు జాంబీలై లేచి లోకాన్ని తినేశాక, మిగిలిన కొద్దిమంది ఎట్లా బతికారన్నది కథ. పోయిన వారం ఏడో సీజన్ మొదటి ఎపిసోడ్‌కు వచ్చాం. అందులో నీగన్ అనేవాడు అందరినీ మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ముళ్లతీగ చుట్టిన బ్యాటుతో మొదట అబ్రహాంను చంపుతాడు. డారిల్ తట్టుకోలేక లేచి నీగన్‌ను ఒక్క గుద్దు గుద్దుతాడు. దానికి శిక్షగా నీగన్ గ్లెన్ తల పగలగొడతాడు. మొదటి దెబ్బలకే గ్లెన్ కన్ను బయటికి వచ్చేస్తుంది. అట్లాంటప్పుడు కూడా భార్య మ్యాగీ వైపు చూసి ఏదో చెప్పబోతాడు. మాట ముద్దముద్దగా వస్తుంది.

నాకు ఏడుపు ఆగలేదు. వెక్కివెక్కి ఏడ్చాను. నాయన లేచి వచ్చి, సంగతి తెలుసుకుని, ‘మా నాయన పోతే నీ కంటికి తడి లేదు. ఎవడో టీవీలో చస్తే ఇంత ఏడుపా?’ అన్నాడు. ఆయన అన్నది నిజం. ఐదు నెలల కిందట జేజినాయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి పోయినాడు. ఆ తొమ్మిది రోజులూ నేనే దగ్గరున్నాను. నన్ను చూస్తే ‘పే.. పే..’ అనేవాడు, ఏమిటో ఎవరికీ తెలియలేదు. ఆయన పోయాక ఐస్ పెట్టె, షామియానా, వచ్చినవాళ్లకు కాఫీలు, పెన్న ఒడ్డున కర్మలు, అన్నీ నేనే చూసుకున్నాను. నాకు ఏడుపు రాలేదు. నాయన కూడా పెద్ద దినం అయిన మర్నాడే అంగడి తెరిచినాడు.

మ్యాగీ ముఖం కళ్ల ముందు నుంచి పోవడం లేదు. ఆమె కడుపుతో ఉంది. ఒంట్లో బాగాలేక నిలబడలేకపోతోంది. అయినా లేచి, మొగుడి శవాన్ని నేనే తీసుకుపోతానంటుంది. ఇక ఆ పిల్ల ఎవరిని చూసుకుని బతకాలి?

తమ్ముడు అప్పటి నుంచి సరిగ్గా నిద్రపోవడం లేదు. వాడు చిన్నప్పటి నుంచి జేజినాయన పక్కనే పడుకునేవాడు. ఇప్పుడు జేజికి తెలియకుండా సెల్లు లైటు వేసుకుని పడుకుంటున్నాడు. అంతా డారిల్ వల్లనే జరిగిందని రోజూ నాతో వాదిస్తాడు. నా స్నేహితుడొకడు మర్నాడు గ్రౌండులో క్రికెట్ బ్యాటు భుజాన వేసుకుని, ఈల వేస్తూ నీగన్ లాగా నడిచి చూపించి నవ్వాడు. అప్పటి నుంచి వాడితో మాటల్లేవు. నాలో ఏమైనా లోపం ఉందా అమ్మా? సొంత మనిషి కన్నా టీవీలో మనిషి నాకు ఎక్కువైపోయాడా? ఆ సీరియల్ ఇక చూడాలా, ఆపేయాలా?

సమాధానం:

నాయనా, నన్ను అమ్మా అని పిలిచి రాశావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తాను. నీ ఉత్తరం చదివి, ఆ ఎపిసోడ్ చూడకుండా సలహా ఇవ్వడం తప్పనిపించి, ఒక మధ్యాహ్నం కూర్చుని చూశాను. రెండు చోట్ల ఆపి, వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను. కాబట్టి నువ్వు ఏడ్చావంటే నాకు వింతగా లేదు.

నీలో లోపం లేదు. ముందు ఆ భయం వదులు.

ఆ ఎపిసోడ్ అమెరికాలో 2016 అక్టోబర్ 23న వచ్చింది. ఆ రాత్రి 1 కోటి 70 లక్షల మంది చూశారు. చూసినవాళ్లలో ఎంతమంది ఏడ్చారో, ఎంతమంది తిట్టారో లెక్క లేదు గానీ, అక్కడ అది పెద్ద గొడవే అయింది. పిల్లలు చూసే కార్యక్రమాల మంచీచెడూ పట్టించుకునే పేరెంట్స్ టెలివిజన్ కౌన్సిల్ అనే సంస్థ ఆ హింసను గట్టిగా తప్పుపట్టింది. ఇన్నేళ్లూ వదలకుండా చూసినవాళ్లు కొందరు ఇక మాకొద్దని ఆపేశారు. తర్వాతి వారాల్లో చూసేవాళ్ల సంఖ్య బాగా పడిపోయింది. అంటే ప్రొద్దుటూరులో ఒక ఇంట్లో అర్ధరాత్రి నీకు వచ్చిన బాధ నీ ఒక్కడిదే కాదు.

కానీ ఆ జనం బాధంతా ఒకే రకం కాదు, ఇది నువ్వు గమనించాలి. ఒకటి, గ్లెన్ పోయాడన్న దుఃఖం. ఇంకొకటి, తమతో ఆడుకున్నారన్న కోపం. అంతకుముందు సీజన్ 2016 ఏప్రిల్ 3న ముగిసింది. అందులో నీగన్ బ్యాటు ఎత్తుతాడు, దెబ్బ పడుతుంది, తెర నల్లబడిపోతుంది. ఎవరి మీద పడిందో చెప్పలేదు. అది తెలియడానికి జనం ఆరు నెలలకు పైగా కాచుకోవాల్సి వచ్చింది. దానికి ముందు ఏడాది కూడా ఇదే గ్లెన్‌తో ఒక ఆట ఆడారు. చెత్త డబ్బా మీద నుంచి జాంబీల గుంపులో పడిపోయినట్టు, వాళ్లు పీక్కుతింటున్నట్టు చూపించి, మొదట్లో వచ్చే పేర్లలో ఆ నటుడి పేరు కూడా తీసేసి, నాలుగు వారాల తర్వాత బతికే ఉన్నాడన్నారు. ఒకసారి పోయినవాడి కోసం ఏడ్చి, బతికాడని ఊపిరి పీల్చుకున్నవాళ్లను మళ్లీ ఏడిపించారు. నాకు అడిగే హక్కు ఉంటే ఆ తీసినవాళ్లను ఇదే అడుగుతాను. చావును చూపించండి, తప్పు లేదు. చావును దాచిపెట్టి ఊరించడం ఎందుకు? మూడో రకం కోపం, ఆ కన్ను, ఆ రక్తం అంత దగ్గరగా చూపించాల్సిన పనేమిటని. ఆ మాటా నాకు సబబుగానే తోచింది.

నీకు వచ్చింది ఈ మూడింటిలో ఏది? నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఊరించారన్న కోపం నీకు లేదు, ఎందుకంటే నువ్వు ఆ ఆరు నెలలు కాచుకోలేదు. ఒక ఎపిసోడ్ అయిపోగానే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది. రక్తం మీదా పెద్దగా ఫిర్యాదు లేదు. నీది ఉత్త దుఃఖం.

గ్లెన్ మీద అంత ప్రేమ ఎట్లా పుట్టిందో కూడా తెలుస్తూనే ఉంది. మొట్టమొదటి ఎపిసోడ్ చివర అతను కనపడడు, గొంతు మాత్రమే వినపడుతుంది. కథానాయకుడు రిక్ ఒక ట్యాంకులో చిక్కుకుని, చుట్టూ జాంబీలు మూగితే, రేడియోలో ఒక కుర్రాడి గొంతు పలకరిస్తుంది. ముక్కూ ముఖం తెలియనివాడి కోసం ప్రాణం పణంగా పెట్టిన పిల్లవాడు. లోకం బాగున్న రోజుల్లో పిజ్జాలు అందించే పని చేసేవాడు. అందరూ మనుషుల్ని చంపడం అలవాటు చేసుకున్నా చాలా కాలం వాడు చేసుకోలేదు. 2010 నుంచి ఆరేళ్లు వాడిని చూసినవాళ్లు ఇంట్లో పిల్లవాడిలా అనుకున్నారు. నువ్వు అదంతా రెండు నెలల్లో చూశావు. అది 84వ ఎపిసోడ్. రోజూ రాత్రి తొమ్మిదికో పదికో మీ ఇంటికి వచ్చి కూర్చున్న మనిషి వాడు. ఇట్లా మనం ఎన్నడూ కలవని తెర మీద మనిషితో ఏర్పడే బంధం గురించి హోర్టన్, వోల్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 1956లోనే రాసి, దానికి ‘పారాసోషల్’ అని ఒక పేరు పెట్టారు. టీవీ కొత్తగా ఇళ్లలోకి వస్తున్న రోజులవి.

మన సీమకు ఇది అంతకన్నా పాత సంగతి. 1885లో మీ కడప జిల్లా సురభి అనే ఊళ్లో తోలుబొమ్మలు ఆడించే కుటుంబాలవాళ్లు బొమ్మలు పక్కన పెట్టి, తామే వేషాలు కట్టి ఒక నాటకం ఆడారు. సురభి నాటక సమాజం పుట్టింది అట్లానే. ఆ మొదటి నాటకం కీచకవధ. భీముడు కీచకుడిని మాంసపు ముద్ద చేసి పడేసే కథ. చెప్పుకుంటే నీగన్ చేసినదానికన్నా తక్కువేం కాదు. కానీ కీచకుడు చస్తే చూసేవాళ్లకు కడుపు చల్లబడుతుంది, ఎందుకంటే వాడు ద్రౌపదిని చెరపట్టబోయినవాడు. గ్లెన్ ఏం చేశాడు? ఏమీ చేయలేదు. ఇంకొకడు కొట్టిన గుద్దుకు వాడు చచ్చాడు. నిన్ను తినేస్తున్నది రక్తం కాదు, ఆ అన్యాయం. మంచివాడు ఏ కారణమూ లేకుండా పోతే మనసు దానికొక కారణం వెతుక్కుంటుంది. నీ తమ్ముడు రోజూ డారిల్‌ను తిట్టడం అదే. ఎవరినో ఒకరిని తప్పు పడితేగానీ వాడికి ఆ చావు సర్దుకోవడం లేదు.

ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు ‘విషాద సారంగధర’ రాశారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దాన్నే చెప్పుకుంటారు. తప్పు చేయని రాజకుమారుడికి కాళ్లూ చేతులూ నరికించే కథ. పాత కథలో సిద్ధుడు వచ్చి వాటిని మళ్లీ మొలిపించి, విన్నవాళ్ల మనసు కుదుటపరుస్తాడు. ఆయన ఆ ఊరట లేకుండా ముగించారు. నాటకమంటే మంగళంతోనే ముగియాలనే రోజుల్లో అది చిన్న సాహసం కాదు. ఊరట లేని చావును నాటకంలో చూసి తట్టుకోవడం మనకూ కొత్త కాదని చెప్పడానికే ఇదంతా గుర్తు చేస్తున్నాను.

ఇక నా సొంత సంగతి ఒకటి చెబుతాను.

మా అమ్మ పోయినప్పుడు నాకు ముప్ఫై ఒకటి. కర్నూలులో మా పుట్టింట్లో పదకొండు రోజులు వచ్చినవాళ్లకు వండి వడ్డించాను. పొయ్యి దగ్గర నుంచి లేచిందే లేదు. ‘పెద్ద పిల్ల ఎంత గట్టిది’ అని చుట్టాలు మెచ్చుకున్నారు. నాకు నిజంగానే ఏడుపు రాలేదు. నేను రాతిదాన్నేమో అని ఒక రాత్రి భయం కూడా వేసింది. మూడు నెలల తర్వాత అనంతపురం జిల్లాలో మా అత్తగారి ఊరికి పోతే, అక్కడ జాతరకు తోలుబొమ్మలాట పెట్టారు. నిమ్మలకుంట వైపు నుంచి వచ్చినవాళ్లు. తెల్లటి తెర, దాని వెనక దీపం, మేకతోలు మీద ఎరుపు, ఆకుపచ్చ రంగులు దీపానికి వెలిగిపోతున్నాయి. యుద్ధం వస్తే ఆటవాళ్లు కాళ్ల కింద చెక్కపలకలు టపటపలాడించేవాళ్లు. లక్ష్మణుడు మూర్ఛపోయాడు. రాముడి బొమ్మ ఒడిలో లక్ష్మణుడి బొమ్మ. హార్మోనియం ఆగిపోయింది. వెనకున్న మనిషి రాముడి చేతిని ఒక పుల్లతో మెల్లగా కదిపి, తమ్ముడి తల నిమిరించాడు. అంతే. తోలు చెయ్యి తోలు తల మీద రెండుసార్లు కదిలింది. ఆస్పత్రిలో చివరి రాత్రి మా అమ్మ తలను నేను అట్లానే నిమిరాను. ఇక నాకు ఊపిరి అందలేదు. అందరి మధ్యా కూర్చుని గట్టిగా ఏడ్చాను. మా అత్త ఏమని అడగలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతిలో పెట్టి, పక్కనే కూర్చుంది.

ఆ రోజు నేను ఏడ్చింది లక్ష్మణుడి కోసమా, అమ్మ కోసమా? అప్పట్లో నాకే తెలియలేదు. ఇప్పుడు తెలుసు.

ఇప్పుడు నీ ఉత్తరం నువ్వే మళ్లీ ఒకసారి చదువుకో నాయనా. గ్లెన్ గురించి రాస్తూ, ‘భార్య వైపు చూసి ఏదో చెప్పబోతాడు, మాట ముద్దముద్దగా వస్తుంది’ అన్నావు. నాలుగు వాక్యాల తర్వాత జేజినాయన గురించి రాస్తూ, మాట పడిపోయిందనీ, నిన్ను చూస్తే ‘పే.. పే..’ అనేవాడనీ అన్నావు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూశావా? అబ్రహాం చచ్చినప్పుడు నీకు అంత ఏడుపు వచ్చినట్టు రాయలేదు. అదీ అదే బ్యాటు, అదే ఘోరం. నువ్వు తట్టుకోలేనిది తలకు దెబ్బ తగిలిన ఒక మనిషి, తనవాళ్లకు చివరి మాట చెప్పాలని చూసి, నోరు తిరగక అవస్థ పడటం. ఆ అవస్థ నువ్వు తొమ్మిది రోజులు మంచం పక్కన కూర్చుని కళ్లారా చూశావు. అక్కడ ఏడవడానికి నీకు వీలు లేదు. మందుల చీటీలు, రక్తపరీక్షలు, బయట కాచుకున్న చుట్టాలకు ఫోన్లు. ఆయన పోయాక అసలే తీరిక లేదు. చావు ఇంట్లో పనులన్నీ నెత్తిన వేసుకున్నవాడికి ఏడ్చే వంతు ఆఖరున వస్తుంది. నీ వంతు ఐదు నెలలకు వచ్చింది. అది గ్లెన్ ముఖం పెట్టుకుని వచ్చింది.

ఇదే నిజమని పట్టుబట్టను. నీ మనసు నీకే తెలుస్తుంది. కానీ ఒక పని చెయ్యి. ఈ వారంలో ఒక సాయంత్రం అంగడి కట్టేశాక, పెన్న ఒడ్డుకు పోయి, సెల్లు జేబులోనే ఉంచి కాసేపు కూర్చో. గ్లెన్‌ను పక్కన పెట్టి, ఆ తొమ్మిది రోజుల్లో ఏదో ఒక గంట గుర్తు తెచ్చుకో. ఏడుపు వస్తే రానీ.

నాయన అన్న మాట నీకు గుచ్చుకుంది. గుచ్చుకోక ఏమవుతుంది. కానీ ఆ మాట ఇంకోసారి విను. ‘మా నాయన పోతే నీ కంటికి తడి లేదు’ అన్నాడు. ‘జేజినాయన పోతే’ అనలేదు. మా నాయన అన్నాడు. ఐదు నెలలుగా ఎవరు ఏడ్చారు, ఎవరు ఏడవలేదని ఆయన లోపల లెక్క పెట్టుకుంటున్నాడంటే, ఆయన దుఃఖం కూడా ఎక్కడో ఆగిపోయి ఉంది. పెద్ద దినం మర్నాడే అంగడి తెరిచాడని నువ్వే రాశావు. అంత త్వరగా తెరిచింది గిరాకీ కోసమే అయి ఉంటుందా? ఇంట్లో ఆ ఖాళీ మంచం చూస్తూ కూర్చోలేక కావచ్చు. ఆయనకు సీరియల్ గురించి సంజాయిషీ చెప్పొద్దు, గ్లెన్ ఎవరో చెప్పొద్దు. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ, ‘నాయనా, ఆస్పత్రిలో జేజినాయన ఏమేం చేసేవాడో నేను నీకు ఎప్పుడూ చెప్పలేదు కదా’ అని మొదలుపెట్టు. ఆ తొమ్మిది రోజులూ దగ్గరున్నది నువ్వు. ఆయన తండ్రి చివరి రోజులు ఆయనకు నీ దగ్గరే ఉన్నాయి. అడగాలని ఉండి అడగలేక ఉంటాడు.

తమ్ముడి సంగతి నాకు నీకన్నా ఎక్కువ దిగులు. వాడు ఇంటర్ మొదటి సంవత్సరమంటే పదహారు ఉంటాయి. ఆ సీరియల్‌కు అమెరికాలోనే 17 ఏళ్ల లోపువాళ్లకు తగదని గుర్తు వేస్తారు. నువ్వు కావాలని చేసిన తప్పు కాదు, కానీ పెద్దవాడివి నువ్వు కాబట్టి చెబుతున్నాను. ఇంకొక సంగతి కూడా ఉంది. ఆ కథలో జాంబీ కరిస్తేనే కాదు, ఎవరు ఎట్లా చచ్చినా లేస్తారు. జబ్బుతో పోయినా లేస్తారు. ప్రాణం పోయిన సొంత మనిషి లేవకుండా ఇంట్లోవాళ్లే తలలో కత్తి దించాలి. ఐదు నెలల కిందట జేజినాయన పోయిన ఇంట్లో, ఆయన పక్కనే పడుకుని పెరిగిన పిల్లవాడు రాత్రి చీకట్లో ఇది చూస్తున్నాడు. వాడి భయం నీగన్ గురించే అని నువ్వు అనుకుంటున్నావు. కాకపోవచ్చు. వాడు లైటు వేసుకునేది ఏ వైపు చూడటానికో గమనించావా?

వాడిని పగటిపూట అడుగు. ‘భయమేస్తోందా’ అని అడిగితే లేదనే అంటాడు, మగపిల్లవాడు కదా. ‘జేజినాయన గుర్తొస్తున్నాడారా? నాకు వస్తున్నాడు’ అను. ముందు నీ సంగతి చెబితే వాడిది వాడే చెబుతాడు. కొన్నాళ్లు వాడి పక్కన నువ్వు పడుకో. పెద్ద లైటే వేసుకోమను, సెల్లు లైటు వద్దు, దాక్కుని భయపడితే భయం రెండింతలవుతుంది. జేజికి తెలిస్తే తెలియనీ.

ఇంకొకటి, ఆ తెర వెనక సంగతి వాడికి చూపించు. ఆ ఎపిసోడ్‌కు దర్శకుడు గ్రెగ్ నికొటేరో. ఆ సీరియల్‌లో జాంబీల ముఖాలు, గాయాలు తయారు చేసే పని కూడా ఆయన చేతి మీద నడిచిందే. ఆ కన్ను రబ్బరు లాంటి పదార్థంతో చేసి నటుడి ముఖానికి అంటించిన తొడుగు. ఆ జాంబీలంతా జార్జియా రాష్ట్రపు ఎండలో గంటల కొద్దీ మేకప్ వేసుకుని, ఎట్లా నడవాలో నేర్చుకుని మరీ నడిచిన మామూలు మనుషులు. గ్లెన్‌గా వేసిన స్టీవెన్ యూన్ కళ్లు రెండూ బాగున్నాయి. ఆ తర్వాత ‘మినారి’ అనే సినిమాకు 2021లో ఆస్కార్ ఉత్తమ నటుడి పోటీలో నిలిచాడు. ఆ ముఖం నవ్వుతూ మాట్లాడే వీడియో ఒకటి వాడికి చూపించు. మెదడు ఆఖరిసారి చూసిన ముఖాన్నే పట్టుకుని కూర్చుంటుంది, దానికి ఇంకొక ముఖం ఇవ్వాలి. వాడికి మరో రెండు వారాలకు కూడా నిద్ర పట్టకపోతే, తిండి తగ్గితే, చదువు మీద మనసు నిలవకపోతే ఆలస్యం చేయొద్దు. 14416 కు ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అని, మనసు బాధలు చెప్పుకోవడానికి ప్రభుత్వం నడుపుతున్నదే, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అది పిచ్చివాళ్లకని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు.

తోలుబొమ్మలాట గురించి పైన చెప్పాను కదా. లక్ష్మణుడు పడిపోయిన ఘట్టం అయిపోగానే ఆటవాళ్లు ఏం చేసేవాళ్లో తెలుసా? జుట్టుపోలిగాడిని, బంగారక్కను తెర మీదికి తెచ్చేవాళ్లు. వాళ్లిద్దరూ వచ్చి మోటుగా పోట్లాడుకుంటే, ఇంతసేపూ ఏడ్చిన పిల్లలు పగలబడి నవ్వేవాళ్లు. ఆట అయ్యాక తెల్లవారుజామున ఇళ్లకు పోతూ పోతూ జనం కథంతా మళ్లీ చెప్పుకునేవాళ్లు. ఆ సీరియల్ తీసినవాళ్లకు కూడా ఈ అవసరం తెలుసు. 2011 నుంచి వాళ్ల టీవీలో ఎపిసోడ్ వచ్చిన రాత్రే ‘టాకింగ్ డెడ్’ అని ఒక కార్యక్రమం వచ్చేది. నటులు, చూసినవాళ్లు కూర్చుని, ఇప్పుడే పోయిన పాత్ర గురించి మాట్లాడుకునేవాళ్లు. చావును చూపించి మనుషుల్ని నేరుగా మంచం మీదికి పంపకూడదని వాళ్లకూ తెలుసు. మీ అన్నదమ్ములకు ఆ రాత్రి ఆ మాటలు లేవు, బంగారక్క లేదు. తెర నల్లబడింది, నాయన వచ్చి తిట్టాడు, లైటు ఆరిపోయింది.

నీ స్నేహితుడు నవ్వాడు. భయపడినప్పుడు నవ్వేవాళ్లు ఉంటారు, వాడు అట్లాంటివాడు కావచ్చు. వాడిని వదులుకోవద్దు. ‘నాకు అది తలుచుకుంటే ఇంకా కష్టంగా ఉంది, నా ముందర అట్ల చేయొద్దురా’ అని ఒక్క మాట నేరుగా చెప్పు. మంచివాడైతే అంతటితో ఆపేస్తాడు.

సీరియల్ చూడాలా వద్దా అని అడిగావు. అది 11 సీజన్లు, 177 ఎపిసోడ్లు. నువ్వు దాదాపు సగంలో ఉన్నావు. తమ్ముడితో కలిసి ఇప్పుడు చూడొద్దు, ఇందులో నాకు అనుమానమే లేదు. వాడితో రాత్రిపూట ఆ గంట మాత్రం పోగొట్టుకోవద్దు, ఇంకేదైనా పెట్టుకోండి, పేకాట, క్యారమ్స్, పాత సినిమా, ఏదైనా సరే. జేజినాయన పోయాక మీ ఇద్దరూ కలిసి కూర్చున్నది ఆ సీరియల్ ముందరే. అందుకే అది మీకు అంత ముఖ్యమైందని నాకనిపిస్తోంది. నీ మట్టుకు నువ్వు ఒక నెల ఆపి చూడు. ఆ తర్వాత కథలో ఏమైందో తెలుసుకోవాలని ఉంటే పగటిపూట, రోజుకు ఒకటే చూడు. తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలుకాకుండా సెట్టింగ్స్‌లో ఆపేయి. చూడాలని లేకపోతే అక్కడితో వదిలేయి. 2016లో లక్షల మంది అక్కడే వదిలేశారు, వాళ్లకేమీ వెలితి కాలేదు.

ఒక్క విషయం మిగిలింది. నీ ఉత్తరంలో మ్యాగీ గురించి అన్ని మాటలు రాశావు. మొగుడు పోయిన ఆ పిల్ల ఇక ఎవరిని చూసుకుని బతకాలని అడిగావు. జేజి గురించి ఒక్కచోట రాశావు, అదీ తమ్ముడి లైటు సంగతి ఆమెకు తెలియకూడదని. ఆ తొమ్మిది రోజులు ఆమె ఆస్పత్రికి వచ్చిందా, ఇంట్లోనే ఉంచేశారా? ‘పే.. పే..’ అన్నాడని ఆమెకు ఎవరైనా చెప్పారా? ఆయనతో అన్నేళ్లు కాపురం చేసిన మనిషి ఆమె. ఆయన సగం మాట అంటే మిగతా సగం ఆమెకు తెలిసే ఉంటుంది. పేరు కావచ్చు, పెట్టె కావచ్చు, పెన్న కావచ్చు, ఆమెను ఆయన పిలుచుకునే పిలుపే కావచ్చు. ఈ రాత్రి అన్నం తిన్నాక సెల్లు పక్కన పెట్టి ఆమె మంచం దగ్గర కూర్చో. తమ్ముడిని కూడా పిలువు. ఆయన ఎట్లా అన్నాడో అట్లానే అని, అదేమిటో చెప్పమని జేజిని అడుగు.